బ్రూనోకు ఎన్ని పాయింట్లు

ఫ్రైబర్గ్
నవంబర్ 3, 2025

బాలామణి అత్తకు,

నేను బాగానే ఉన్నా. ఈ ఉత్తరం నా గురించి కాదు, ఒక పిల్లి గురించి. నవ్వకు.

ఫోన్‌లో అడుగుదామంటే "మందుల సంగతి నోటిమాట మీద చెప్ప, కాగితం మీద రాసి పంపు, కాగితం మీద జవాబిస్త" అని పెట్టేశావు. రిటైరై నాలుగేళ్లయినా నీకు వార్డు వదల్లేదు. సరే, రాస్తున్నా. దీన్ని ఫొటో తీసి మీ పక్కింటి శ్రీవల్లి ఫోన్‌కి పంపుతా.

నేను పై అంతస్తులో అద్దెకుంటున్న ఇల్లు ఫ్రౌ హెంపెల్‌ది అని చెప్పా కదా. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. కింద ఆవిడా, బ్రూనో అనే పిల్లీ ఉంటారు. మొన్న గురువారం మెట్ల మీద జారి ఆవిడ తుంటి ఎముక విరిగింది. అంబులెన్స్‌లో ఎక్కిస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నొప్పి అన్న మాటే లేదు. "బ్రూనోకు పొద్దున రెండు, సాయంత్రం రెండు. నాకు మాటివ్వు" అంది. నేను "యా, యా" అన్నా. దేనికి యా అన్నానో తర్వాత ఫ్రిజ్ తెరిస్తే తెలిసింది. లోపల ఇన్సులిన్ సీసా. పిల్లికి షుగర్ అత్తా! మనుషులకే అనుకున్నా ఇన్నాళ్లూ.

ఆపరేషన్ అయింది. ఇంక రెహా అంటారు, అంటే మళ్ళీ నడక నేర్పే ఆస్పత్రి, అక్కడ నాలుగైదు వారాలు ఉండాలి. ఆవిడ అక్క కొడుకు మథియాస్ లైప్‌జిగ్ నుంచి వచ్చి ఈరోజు దాకా ఉండి వెళ్లాడు. "నీవల్ల కాకపోతే మొహమాటపడకు. డాక్టర్ దగ్గర నిద్రపుచ్చేద్దాం, పదకొండేళ్లు బతికాడు కదా" అన్నాడు, కాఫీ తాగుతూ. ఇక్కడ జంతువుని నిద్రపుచ్చడమంటే చంపేయడమే. నాకు ఒళ్లు మండి "నావల్ల అవుతుంది" అనేశా. అవుతుందో లేదో నాకేం తెలుసు?

మూడు రోజులు మథియాసే వేశాడు, రేపట్నుంచి నేనే. ఆవిడ మెషిన్‌తో చెవి అంచున చిన్నగా పొడిచి రక్తం చూశాం. 14.2 వచ్చింది. నానమ్మకు నూట యాభై, రెండొందలు అనుకునేవాళ్లు గుర్తుంది. ఈ పద్నాలుగు ఏంటి? ఎక్కువా, తక్కువా? మెషిన్ ఫొటో కూడా పంపుతున్నా. అంకె కింద చిన్న అక్షరాలేవో ఉన్నాయి. చంపేస్తానేమోనని భయంగా ఉంది. ఈ పద్నాలుగుకు ఆవిడ చెప్పిన రెండే సరిపోతాయా, ఎన్ని పాయింట్లు వెయ్యాలో త్వరగా రాయి.

నీ మేనకోడలు
ఆండాళ్


జనగామ
నవంబర్ 5

చిరంజీవి ఆండాళుకు అత్త ఆశీస్సులు.

నవ్వకన్నవు గదా, అందుకే ముందుగాల కడుపు నిండ నవ్వి, అటెన్క కాగితం ముందల పెట్టుకున్న. శ్రీవల్లి చదువుతుంటే వాళ్లమ్మ గూడ పని ఇడిసిపెట్టి వచ్చి కూసుంది. ఇంట్ల కోడిగుడ్డు పెంకు తొక్కని పిల్లవు, ఆడ మాంసం డబ్బాల మూతలు తీస్తున్నవన్నమాట! మీ నాయనకు చెప్ప తియ్.

ఇగ డ్యూటీ మాట. ముప్పై ఒక్క ఏండ్లు సూదులు వేసిన చెయ్యి ఇది. పిల్లికి వెయ్యలే, నిజమే. మనిషైనా పిల్లయినా నెత్తురు నెత్తురే. సీసాను ఊపకు, రెండు అరచేతుల నడుమ మెల్లగ దొర్లించు. బుడగలు పోయేదాక చూసుకో. ముందు తిండి పెట్టు, అది తింటున్నప్పుడు మెడ ఎన్క తోలు పైకి పట్టి, ఆ సంచి లెక్క అయిన కాడ సూది దించు. సగం మందు బయట కారిందనిపిస్తే మల్లొకసారి వెయ్యకు. తినకపోతే వెయ్యనే వెయ్యకు.

మెషిన్‌ల పద్నాలుగు అంటవేందే? షుగర్ పద్నాలుగుంటే అది ఉరుకుతదా, మ్యావ్ అంటదా? నడుమ చుక్క ఉంటే ఉండని, దాన్ని పట్టించుకోకు. అది నూట నలభై రెండు. తిన్న పాణానికి నూట నలభై రెండు అంటే మంచిగున్నట్టే. కింద చిన్న అక్షరాలు కంపెనీ పేరు అయి ఉంటది.

రెండు, రెండు అని కండ్లు మూసుకొని పొడుసుడు పద్ధతి గాదు. నా ఆర్డర్ రాస్తున్న, గోడకు అంటించుకో. వంద లోపల ఉంటే సూది బంద్. వంద దాటి రెండొందల దాక ఒక్క పాయింటు. రెండొందలు దాటితేనే రెండు. షుగర్ ఎక్కువైతే మెల్లమెల్లగ పాడైతది, తక్కువైతే గంటల పాణం పోతది. ఇది నేను వార్డుల కండ్లార చూసిన మాట.

భయపడకు. నేనున్న.

కె. బాలామణి
హెడ్ నర్సు, రిటైర్డ్


ఫ్రైబర్గ్
నవంబర్ 10

అత్తా,

నీ ఆర్డర్ ప్రింట్ తీసి ఫ్రౌ హెంపెల్ ఫ్రిజ్ మీద అంటించా. ఆ వంటింట్లో తెలుగు అక్షరాలు చూస్తే భలే ధైర్యంగా ఉంది.

మొదటి రోజు మాత్రం నా పరువు పోయింది. నన్ను చూడగానే బ్రూనో అల్మారా కిందికి దూరాడు. నేను నేల మీద బోర్లా పడుకుని "రారా బంగారం, రారా నాన్నా" అని అరగంట బతిమాలా. వాడికి తెలుగు రాదు, నాకు వాడి జర్మన్ రాదు. చివరికి చేప డబ్బా మూత తీసిన చప్పుడుకు వాడే వచ్చాడు. రెండో రోజు మందు బొచ్చు మీద కారిపోయింది. నువ్వు చెప్పినట్టు మళ్ళీ వెయ్యలేదు. మూడో రోజు నుంచి చెయ్యి కుదిరింది. సూది దిగినా వాడు తల ఎత్తడం లేదు, తింటూనే ఉన్నాడు. నాకే చెమటలు.

12.6, 13.1, 15. అంటే నూట ఇరవై ఆరు, నూట ముప్పై ఒకటి, నూట యాభై. ఒక్కో పాయింటే వేస్తున్నా.

ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు. ఫ్రౌ హెంపెల్ రాసుకున్న నోట్‌బుక్ దొరికింది. రెండేళ్ల లెక్క. 8 ఉన్నా రెండు, 9 ఉన్నా రెండు. నీ ప్రకారం అది ఎనభై, తొంభై. ఎనభై ఉన్నప్పుడు రెండు పాయింట్లు వేస్తే బ్రూనో ఎప్పుడో పోయుండాలి కదా? వాడేమో ఏడు కిలోలతో దిట్టంగా ఉన్నాడు. మ్యూనిక్‌లో ఉన్న మా క్లాస్‌మేట్ రోహిత్‌కి చెప్తే, వాళ్ల నాన్న అక్కడికి వచ్చినప్పుడు కొన్న మెషిన్‌లో మూడంకెలే వస్తాయట. ఇక్కడి మెషిన్లు వేరేమో అన్నాడు.

ఇంకో సంగతి. ఆవిడ రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఒకే మాట అడుగుతుంది: "రెండు?" నేను "యా, రెండు" అంటున్నా. అబద్ధం. కానీ ఇండియాలో మా అత్త ఆర్డర్ మార్చిందని ఆవిడకు జర్మన్‌లో ఎలా చెప్పాలి? తెలుగులోనే చెప్పడం రావట్లేదు.

ఆండాళ్


జనగామ
నవంబర్ 13

ఆండాళుకు,

ఏందే నీ లొల్లి? అంకెలు సక్కగున్నయి, పిల్లి తింటున్నది, ఇంక పరేషాన్ ఎందుకు?

ఆమె ముసలామె. అంకె చూసి వెయ్యలే, అలవాటు కొద్ది వేసింది. ఇట్లాంటోళ్లను నేను ఎంతమందిని చూసిన! దేవుడు ఆ పిల్లిని కాపాడిండు, గంతే. ఆ మ్యూనిక్ పోరడు ఏం చదివిండు, కార్ల చదువా, దవాఖాన చదువా? కార్ల గురించి అడుగు, చెప్తడు.

ఆమెతోని రెండు అన్నవా, మంచిగ చేసినవ్. మంచంల ఉన్న మనిషిని కలవరపెట్టుడు ఎందుకు? వార్డుల గూడ మేము అన్ని చెప్పకపోదుం.

ఇంకోటి. నువ్వు చీమలబారు లెక్క రాస్తవు. పెద్దగ, నల్లగ రాయి. శ్రీవల్లి ప్రింట్ తీసిచ్చి కాలేజికి పోతది, అది వచ్చేదాక నేను నీ ఉత్తరం పట్టుకొని కూసోవాల్సి వస్తుంది.

మొన్న దేవునికి దండం పెట్టుకునేటప్పుడు నీ పిల్లి పేరు గూడ చెప్పిన. గోత్రం తెల్వదంటే అయ్యగారు నన్ను ఎగాదిగా చూసిండు.

బాలామణి


ఫ్రైబర్గ్
నవంబర్ 20

అత్తా,

పెద్దగా రాస్తున్నా, చూడు.

బ్రూనో బాగాలేడు. అంకెలు బాగున్నాయి. ఈ రెండిట్లో ఏది నమ్మాలి?

నీళ్లు తాగుతున్నాడు, ఆగకుండా. పొద్దున గిన్నె నింపితే మధ్యాహ్నానికి ఖాళీ. వాడు మూత్రం పోసే మట్టి డబ్బా రోజుకు మూడుసార్లు మారుస్తున్నా. తింటున్నాడు గానీ ఒంటికి పట్టడం లేదు. పట్టుకుంటే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. అల్మారా మీదికి ఎగిరేవాడు, ఇప్పుడు సోఫా ఎక్కడానికే ఆలోచిస్తున్నాడు. మొన్న 17, నిన్న 19, ఈరోజు 19.8. నీ లెక్కన రెండొందలు దాటలేదు కాబట్టి ఒక్క పాయింటే.

ఆదివారం మథియాస్ వచ్చాడు. వాడి వీపు నిమిరి, నా వైపు చూసి, "వెళ్లిపోతున్నాడు" అన్నాడు. నాకు కోపం రావాలి, రాలేదు. నాకూ అలాగే అనిపిస్తోంది. జంతువుల డాక్టర్ దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అడిగితే ఇరవై ఎనిమిదికి ఇచ్చారు. అర్జంటా అని అడిగారు. అంకెలు చూస్తే కాదు, పిల్లిని చూస్తే అవును. ఫోన్‌లో ఏం చెప్పాలో తెలియక "పర్లేదు, ఇరవై ఎనిమిదే" అన్నా.

రెండు పాయింట్లకు వెళ్లమంటావా? ఒక్క మాట రాయి. ఫ్రౌ హెంపెల్ ఏమో కర్రతో పది అడుగులు వేసిందట, ఫోన్‌లో పాట పాడినట్టు చెప్తోంది. ఇంటికొచ్చి వాణ్ని ఒళ్లో పెట్టుకోవాలట. నేను "యా, రెండు" అని పెట్టేశా.

ఆండాళ్


జనగామ
నవంబర్ 22

ఆండాళుకు,

అంకె అబద్ధమాడది. నూట తొంభై ఎనిమిదికి రెండు పాయింట్లు వేసి పిల్లి మూర్ఛపోతే ఎవరిది పూచీ? ఒక్కటే వెయ్యి.

యజమాని లేని జీవం, దిగులు పడ్డది. దిగులుకు గూడ బక్కగైతరు. నీళ్లు తాగుతే మంచిదే, తాగనియ్.

నా మాట మీద నమ్మకం లేకపోతే నన్నెందుకు అడుగుడు?

బాలామణి


ఫ్రైబర్గ్
నవంబర్ 25

అత్తా,

గబగబా రాస్తున్నా, రాత చూడకు.

ఈరోజు పొద్దున కిందికి దిగేసరికి బ్రూనో వంటింటి గచ్చు మీద పక్కకు పడి ఉన్నాడు. చుట్టూ వాంతి. పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా కదల్లేదు. ఎత్తుకుంటే నోట్లోంచి ఒక వాసన. మా ల్యాబ్‌లో గాజు సామాను కడుగుతామే, ఆ అసిటోన్ వాసన. గోళ్ల రంగు తుడిచేది. పిల్లి నోట్లో ఆ వాసనేంటో అర్థం కాలేదు. బుట్టలో పెట్టుకుని టెర్మిన్ లేకుండానే బస్సెక్కి డాక్టర్ దగ్గరికి పరిగెత్తా.

డాక్టరమ్మ మెషిన్‌లో 24.6. నేను "మా దేశంలో అయితే రెండొందల నలభై ఆరు" అన్నా. ఆవిడ నన్ను వింతగా చూసింది. "కాదు. పద్దెనిమిదితో గుణించాలి. నాలుగొందల నలభై మూడు" అంది.

అత్తా, ఆ చిన్న అక్షరాలు కంపెనీ పేరు కాదు. మిల్లీమోల్ అని. ఇక్కడ తూర్పు వైపు ఆ కొలతే వాడతారట. మ్యూనిక్ వైపు, మన దగ్గర మిల్లీగ్రాములు. మనం నూట నలభై అనుకున్నది రెండొందల యాభై. నూట తొంభై ఎనిమిది అనుకున్నది మూడొందల యాభై పైనే. ఫ్రౌ హెంపెల్ రాసుకున్న ఎనిమిది అంటే నూట నలభై నాలుగు, ఆవిడ రెండు పాయింట్లు సరిగ్గానే వేసింది. వాడికి రోజూ సగం మందే ఇచ్చాం. ఒంట్లో విషం తయారైంది.

నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. పొద్దస్తమానం ల్యాబ్‌లో మోల్‌లు, మిల్లీమోల్‌లు లెక్కపెట్టే దాన్ని. ఆ అక్షరాలు నేను చదివా అత్తా. రోజుకు రెండుసార్లు చదివా. నువ్వు కంపెనీ పేరన్నావు కాబట్టి చదివినా బుర్రలోకి పోలేదు.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. "రోజూ రెండు యూనిట్లు తప్పకుండా ఇచ్చావా?" అని డాక్టర్ అడిగింది. "యా" అన్నా. ఎందుకన్నానో తెలీదు. ఇన్ని రోజులు ఫోన్‌లో అనీ అనీ నోటికి అదే వచ్చేసింది. ఆవిడ ముఖం మారిపోయింది. "రెండు ఇస్తున్నా ఇలా అయిందంటే మందు పనిచేయడం లేదు, లోపల ఇంకేదో పెద్ద జబ్బు ఉండొచ్చు. అలాగైతే వాణ్ని ఇంకా బాధపెట్టడం న్యాయం కాదు. మందు తప్పి ఇలా అయ్యుంటే మాత్రం వేరే సంగతి, సరైన మోతాదుతో కోలుకునే అవకాశం ఉంది" అంది.

ఇప్పుడు వాడు అక్కడే ఉన్నాడు, కాలికి సెలైన్. మథియాస్ ఫ్రౌ హెంపెల్‌తో మాట్లాడాడు. ఆవిడ ఏడ్చి, "వాణ్ని బాధపెట్టకండి" అందట. శుక్రవారం మధ్యాహ్నం నిద్రపుచ్చేస్తారు.

నేను నోరు విప్పితే బతుకుతాడు. విప్పితే ఆవిడ ముఖం ఎలా చూడాలి? ఏం చెయ్యను?

ఆండాళ్


జనగామ
నవంబర్ 26

ఆండాళుకు,

ఏం చెప్పకు.

పరాయి దేశంల ఉన్నవు, చదువు మీద పోయినవు. జంతువులకు గూడ కోర్టులుంటయట ఆడ. కేసు పెడితే? ఇల్లు ఖాళీ చెయ్యమంటే? జబ్బు ముదిరింది, పోయింది, గంతే. మన చేతుల ఏమున్నది?

ఆ మెషిన్ అట్ల చూపెడ్తదని నాకేం తెలుసు? ముప్పై ఒక్క ఏండ్ల సర్వీసుల ఒక్క మెమో తీసుకోలే నేను. నన్ను ఎవ్వరు ఒక్క మాట అనలే.

ఫ్రిజ్ మీద అంటించిన కాగితం పీకి చింపెయ్. ఫోన్‌ల ఉన్న నా ఉత్తరాలు గూడ తీసెయ్. పిల్లి పిల్లే బిడ్డా.

బాలామణి


జనగామ
నవంబర్ 27

ఆండాళుకు,

ఇది శ్రీవల్లి చేతిరాత. నేను చెప్తుంటే అది రాస్తున్నది. నడుమ నడుమ ఆగి నా మొకం చూస్తున్నది. రాయవే, ఆపకు అంటున్న.

నిన్నటి ఉత్తరం నేను పంపొద్దుండె. రాత్రంత కన్ను మూతపడలే. నాకు ఏం కోపమో, ఎవరి మీద కోపమో తెలుస్తలేదు. తెల్లారినంక ఒకటి అర్థమైంది. ఇరవై ఏండ్ల కింద మా వార్డుల ఒక జూనియర్ పిల్ల తప్పు సూది వేసి, కేస్‌షీట్‌ల కాగితం మార్చబోయింది. దాని చెయ్యి పట్టుకొని ఆపింది నేనే. నిన్న నీకు అదే పని చెప్పిన.

ఇప్పుడు నిజం విను. నువ్వు పంపిన ఫొటోల నాకు అక్షరాలు కనబడలే. అంకె గూడ శ్రీవల్లి చదివితేనే తెలిసింది. కండ్ల ముందల నల్లటి ఈగలు తిరిగినట్టు ఉంటది, ఏడాది సంది. చిన్న అక్షరాలు ఏందో చదువు అని దాన్ని అడిగితే నా కండ్ల సంగతి బయటపడ్తదని, కంపెనీ పేరు అని దబాయించిన. అడిగి ఉంటే, అది మిల్లీమోల్ అని చదివి ఉంటే, నేను ఏం తెల్వక అయినా ఆగుదును. పిల్లిని పాడు చేసింది మెషిన్ గాదు, నా బడాయి.

నా కండ్లు ఎందుకు పోతున్నయో గూడ చెప్త. నాకు షుగర్ ఉన్నది. రిటైరైన నెలనే తెలిసింది. గోలీలతోని ఆగది, ఇన్సులిన్ వేసుకోవాలె అని డాక్టర్ రాసిచ్చిండు. తెచ్చిన. ఫ్రిజ్‌ల పెట్టిన. డేటు అయిపోయినంక పారేసిన. మల్ల తెచ్చిన, మల్ల పారేసిన. ఊరందరికి సూది వేసిన చెయ్యి నా తొడ దాక వచ్చి ఆగిపోతది. నర్సమ్మకే షుగరా అని నవ్వుతరని సిగ్గు ఒకదిక్కు, భయం ఒకదిక్కు. మీ మామ ఉంటే తిట్టి వేయించేటోడు. ఎవ్వరికి చెప్పలే. ఇప్పుడు నీకు చెప్తున్న, శ్రీవల్లికి తెలిసిపోయింది, అది ఏడుస్తున్నది.

కాగితాలు చింపకు. తీసుకపోయి ఆమెకు చూపెట్టు. కింద సంతకం నాది. ఆర్డర్ రాసినోళ్లది తప్పు, సూది వేసినోళ్లది గాదు. ఇది వార్డు రూలు, ఏ దేశంల అయినా. రేపే పో. బండి దొరకకపోతే నడుచుకుంట పో.

బాలామణి అత్త


ఫ్రైబర్గ్
డిసెంబర్ 2

అత్తా,

బ్రూనో బతికే ఉన్నాడు. ముందు అది రాస్తే మిగతాది నువ్వు ఊపిరి తీసుకుని వింటావని రాశా.

నిజం చెప్పాలంటే నీ "చింపెయ్" ఉత్తరం వచ్చాక ఫ్రిజ్ మీది కాగితం పీకేశా. చెత్తడబ్బా దాకా వెళ్లా. ఇక్కడ కాగితాలకు వేరే డబ్బా, దాంట్లో వెయ్యాలి కదా అని ఆగి, అక్కడే నిలబడి ఏడ్చా. అందుకని మిగిలింది, నా మంచితనం వల్ల కాదు. మర్నాడు నీ రెండో ఉత్తరం వచ్చింది.

శుక్రవారం పొద్దున మొదటి రైలెక్కి రెహాకు వెళ్లా. ఫ్రౌ హెంపెల్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి, బ్రూనోకు వీడ్కోలు చెప్పడానికి తనను తీసుకెళ్లడానికి వచ్చానేమో అనుకుని కోటు వెతుక్కోబోయింది. అప్పుడే చెప్పేశా. వచ్చిన జర్మన్, రాని జర్మన్, అంతా కలిపి. ఇండియాలో మా అత్త రాసినట్టు ఒక్క పాయింటే ఇచ్చా, రెండని అబద్ధం చెప్పా, డాక్టర్‌కి కూడా చెప్పా అన్నా.

"ఎన్ని రోజులు?" అంది.

"పంతొమ్మిది."

 ఫోన్ తీసి డాక్టర్‌కి చేసింది. నాతో మాట్లాడేటప్పుడు మెల్లగా మాట్లాడే మనిషి, ఫోన్‌లో గబగబా ఏదో అరిచింది. నాకు ఒక్క మాట తెలిసింది, "ఆపండి". మథియాస్‌కి కూడా చేసింది. అతను సాయంత్రం ఇంటి మెట్ల మీద కనబడి "డాక్టర్ ఇక్కడ నాలుగు వీధుల అవతల ఉంది, నీకు ఏడువేల కిలోమీటర్ల అవతలి మనిషి కావాల్సి వచ్చిందా?" అన్నాడు.  నిజమే కదా.

పూర్తి మోతాదు మొదలుపెట్టాక మూడో రోజుకు బ్రూనో తల ఎత్తాడు. నిన్న తిన్నాడు. ఈరోజు పొద్దున 11.8 మిల్లీమోల్. ఎల్లుండి ఇంటికి పంపుతామన్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉందట, దానికీ మందు ఇచ్చారు. ఇకనుంచి పొద్దునా సాయంత్రం నేను ఫోన్ చేసి అంకె చెప్పాలి, ఫ్రౌ హెంపెల్ "రెండు" అనాలి, అప్పుడే సూది. క్షమించిందో లేదో నాకు తెలియదు అత్తా. తిట్టలేదు, నవ్వనూ లేదు. ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు.

కానీ అసలు సంగతి వేరే ఉంది. శుక్రవారం ఫోన్లు అయిపోయాక ఆవిడ నీ కాగితాలు చేతిలోకి తీసుకుంది. నీ సంతకం మీద వేలు పెట్టి "ఈవిడ డాక్టరా?" అంది. కాదు, మా నాన్న చెల్లెలు, నర్సు అన్నా. నీ ఆఖరి ఉత్తరం కూడా చదివి చెప్పా. నీ కళ్లు, ఫ్రిజ్‌లో సీసాలు, అన్నీ. నీకు కోపం వస్తే రానీ. నాకు ఒంటరిగా మొయ్యడం చేత కాలేదు.

అంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది: "మీ అత్త షుగర్ ఎంత?"

తెలియదు అన్నా.

"పిల్లికి రోజుకు రెండుసార్లు కొలిచావు" అంది. అంతే. కిటికీ వైపు తిరిగిపోయింది.

నేను పుట్టినప్పటి నుంచి నిన్ను చూస్తున్నా. నాకు వచ్చిన ప్రతి జ్వరం నీకు తెలుసు. నీకేముందో నాకు తెలియదు, అడగలేదు. రైల్లో తిరిగి వస్తుంటే ఆవిడ మీద కోపమొచ్చింది, నీ మీద వచ్చింది, నా మీద వచ్చింది, ఏదీ నిలవలేదు.

ఎంత అత్తా?

ఆండాళ్


జనగామ
డిసెంబర్ 7

ఆండాళుకు,

నా చేతితోనే రాస్తున్న. పెద్ద అక్షరాలు, లైనుకు నాలుగు మాటలు. కాగితాలు ఎన్ని అయితయో!

మూడు వందల డెబ్బై రెండు. పరగడుపున. మిల్లీగ్రాములు.

శ్రీవల్లి నన్ను ఇడిసిపెట్టలే. కాలేజి ఎగ్గొట్టి వరంగల్ తోలుకపోయింది. కంటి డాక్టర్ చూసి, ఎడమది కొంచెం ఆలస్యమైంది, కుడిది కాపాడుత అన్నడు. లేజర్ అంట, వచ్చే వారం. షుగర్ డాక్టర్ వేరే మనిషి. చిన్న పిల్ల, నీ ఈడుది ఉంటది. నేను నర్సునని చెప్పలే. కాగితం మీద పాయింట్లు రాసిచ్చింది. అయి నేను మార్చ.

మీ ఓనరమ్మ మీద నాకు కోపమొచ్చింది. ఎవరామె నా షుగర్ అడగటానికి అనుకున్న. మల్ల రెండు రోజులు అదే మాట చెవుల తిరిగింది. నాలుగేండ్లల నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. ఎవ్వరికి చెప్పకపోతే ఎవరడుగుతరు, అది గూడ నిజమే. ఆమె పిల్లిని నేను చావు దాక తీసుకపోయిన, ఆమె నా షుగర్ అడిగింది. దీన్ని ఏమనాల్నో నాకు తెలుస్తలేదు.

మొన్న పొద్దున వేసుకున్న. ముందు రోజు గూడ సిరంజి చేతిల పట్టుకొని గంట కూసున్న, కాలేదు. మొన్న శ్రీవల్లి గీత చూసి "సరిగ్గుంది పెద్దమ్మా" అన్నది. పొట్ట మీద తోలు పట్టుకున్న. కండ్లు మూసుకున్న. తెరిచేసరికి అయిపోయింది.

నొయ్యలే బిడ్డా. నాలుగేండ్లు దేనికి భయపడ్డనో కూసొని ఆలోచిస్తున్న, తోస్తలేదు.

బాలామణి అత్త